చిత్తరువుపై చేవ్రాలు

గడచిన మాఘమాసములో ఒకనాటి మధ్యాహ్నము మా కొత్తపల్లెలో, మా వీధి చివరి యింటి కోడలు ఒక తైలవర్ణచిత్రమును పాతచీరలో చుట్టుకొని మా యింటికి వచ్చెను. చీర విప్పి, పటమును గోడకు చేరవేసి, తాను తలుపు ప్రక్కను ఒదిగి నిలుచుండెను. ఆ పటములో వారింటి అవ్వ, అనగా ఆమె భర్తకు నాయనమ్మ, వసారాలో కూర్చుండి చేటతో కొఱ్ఱలు చెరుగుచున్నది. లేచిన పొట్టు ఎండలో మెఱయుచున్నది. ముసలిచేతుల నరములు, మోచేతి దాక జాఱిన గాజులు, అరమూసిన కన్నులు, అన్నియు అవ్వవే. వంటయు, పాడియు, పిల్లవాని చదువును చూచుకొనగా మిగిలిన గడియలలో నాలుగు నెలలు శ్రమపడి ఆమె దానిని ముగించినది.

మేము చూచి మిక్కిలి సంతోషించి, "అంతయు అయినదా?" అని యడిగితిమి.

"ఒక్కటి మిగిలినదక్కా. పేరు వ్రాయలేదు" అని ఆమె యనెను.

ఆ యొక్కటియే వారింట వారము దినములుగా చర్చయై కూర్చున్నదట. పటమును నంద్యాలలో జరుగనున్న ఒక ప్రదర్శనమునకు పంపవలెనని ఆమె కోరిక. భర్త అందుల కడ్డు చెప్పలేదు. "మన యింటిపేరు వ్రాసిన చాలును గదా, ఎవరిదైన నొకటియే" అని మాత్రము అనెనట. అవ్వ, "ఆడుదాని పేరు ఊరివారి గోడలమీద వ్రేలాడవలెనా?" అని ముఖము త్రిప్పుకొన్నదట. ఆమె మనసులో పాతగాయ మొకటి కూడ కలదు. పెండ్లికి పూర్వము ఆమె అహోబిల నరసింహస్వామియు చెంచులక్ష్మియు నున్న పటమొకటి వ్రాసి, పేరు పెట్టుకొనక, అడిగినవారి కిచ్చివేసినది. రెండేండ్లకు ఆ పటమే యొక క్యాలెండరుపై అచ్చుపడి వారి పుట్టినింటికి వచ్చెను. క్రింద వేఱొకరి పేరుండెను. అది తనదని చెప్పుటకు ఆమెకు నోటిమాట తప్ప వేఱు సాక్ష్యము లేకపోయెను.

ఆమె మమ్ము మూడు ప్రశ్నలడిగినది. పేరు వ్రాయవచ్చునా? వ్రాసిన ఏ పేరు వ్రాయవలెను? ఎప్పుడు, ఎక్కడ, దేనితో వ్రాయవలెను? మేము కుంచె పట్టినవారము కాము. ఇంట పెద్దలయొద్ద నాలుగు కావ్యములు చదువుకొన్నవారము మాత్రమే. అయినను ఆమె కొఱకు విచారించి, తెలిసినవారి నడిగి, చదివి గ్రహించినది చిత్రలేఖన మభ్యసించు సోదరీమణుల కందఱకు నుపకరించునని తోచి యిచట వ్రాయుచున్నాము.

మొదటి ప్రశ్న అవ్వది. పేరు వ్రాసికొనుట అహంకారము కాదా? మాకు ఆళ్లగడ్డ సమీపము. అచటి వీధులలో ఉలి చప్పుడు వినని దినము లేదు. ఆళ్లగడ్డ రాతిచెక్కడము భౌగోళిక సూచికగా గుర్తింపు పొందినది. పూజకు పోవు విగ్రహముపై తన పేరు చెక్కుట శిల్పి ఆచారము కాదు. ప్రతిష్ఠ జరిగిన పిమ్మట అది రాయి కాదు, దేవుడు. దేవుని మేన మన పేరేల? ఇది యుచితమైన వినయమే. కాని యీ వినయమునే చూచి మన పూర్వులు ఎన్నడును పేరు చెప్పుకొనలేదని తలచుట పొరపాటు. పట్టదకల్లులోని విరూపాక్షాలయము 8వ శతాబ్దమున చాళుక్య విక్రమాదిత్యుని రాణి లోకమహాదేవి కట్టించినది. దానిని నిర్మించిన సూత్రధారి గుండడనియు, అతనికి అనివారితాచారి యను బిరుదు కలదనియు అచటి శాసనమే చెప్పుచున్నది. హొయసల దేవాలయముల బొమ్మల క్రింద శిల్పుల పేర్లు నేటికిని చదువవచ్చును. 13వ శతాబ్దపు మల్లితమ్ముని పేరు సోమనాథపురమున పలుచోట్ల కలదు. వారు దేవునికి దాసులు కాకపోయిరా?

ఇక కవులమాట చెప్పనే యక్కఱలేదు. ప్రతి యాశ్వాసాంతమునందును గద్యలో తండ్రి పేరు, తన పేరు, కృతి పేరు చెప్పి గాని కవి ముందుకు సాగడు. మొల్ల తన రామాయణమున తాను కేసనసెట్టి కూతురనని చెప్పుకొనకపోయినచో, అది యెవరి రామాయణమో మనకెట్లు తెలియును? తాళ్లపాక అన్నమాచార్యుల భార్య తిమ్మక్క సుభద్రాకల్యాణమును ద్విపదలో రచించినది. అది తిమ్మక్కదని తెలియుట చేతనే ఆమె మనకు తొలి కవయిత్రులలో నొక్కతె యైనది. మన అహోబిలమున శఠకోపయతి యొద్ద శాస్త్రములు విన్న అన్నమాచార్యులు తన పదములలో వేంకటేశ్వరుని పేరే ముద్రగా నుంచెను. క్షేత్రయ్య మువ్వగోపాలుని పేరు నుంచెను. దేవుని పేరే కవి గుర్తుగా మాఱుట యెంత చక్కని యుపాయము! వినయమునకు లోపము రాలేదు, కృతికి తండ్రి లేకయు పోలేదు.

మఱియొక సంగతి కలదు. పేరు వ్రాయుట పొగడ్తకు మాత్రమే కాదు, తప్పునకు కూడ పూచీపడుట. ఈ చేయి వంకరగా నున్నచో వంకరగా వ్రాసినది నేనే యని పదిమందిలో ఒప్పుకొనుట. వంట చెడినప్పుడు, "ఎవరు చేసిరో" అనువారు వంటకత్తెలు కారు గదా! చెడుపేరునకు సిద్ధపడినవారికి మంచిపేరు కోర నధికారము కలదు. అవ్వకు మేమిట్లే చెప్పితిమి. అవ్వ ఆ దినమున ఒప్పుకొనలేదు.

పేరు లేనిచో నేమగునో పశ్చిమదేశముల చరిత్రలో రెండు దృష్టాంతములు కలవు. మొదటిది హాలండు దేశపు జూడిత్ లేస్టరు కథ. ఆమె 1609లో హార్లెం పట్టణమున పుట్టినది, 1660లో మరణించినది. 1633 నాటికే చిత్రకారుల సంఘములో సభ్యురాలు. తన పేరు పూర్తిగా వ్రాయక, పేరులోని రెండక్షరములను పెనవేసి, ఒక నక్షత్రమును చేర్చి గుర్తుగా వేసెడిది. లేస్టరనగా నావికులకు దారి చూపు చుక్క యని వారి భాషలో నర్థము. ఆమె పోయిన పిదప లోక మామెను మఱచినది. ఆమె పటములు అదే యూరి ప్రసిద్ధచిత్రకారుడగు ఫ్రాంస్ హాల్సువని చెల్లుబడి యయ్యెను. రెండువందల యేండ్లకు పైగా గడచిన పిదప, హాల్సుదని కొన్న యొక పటముపై దొంగసంతకము క్రింద ఆ రెండక్షరములును, నక్షత్రమును బయల్పడెను. 1893లో హాఫ్‌స్టెడె డె గ్రూట్ అను పండితుడు అది లేస్టరు గుర్తని నిరూపించి, ఆమె పటములను తిరిగి ఆమె కిప్పించెను. ఆ చిన్నచుక్క లేకయున్నచో ఆమె నేటికిని లేనిదే.

రెండవది మన కాలమునకు దగ్గఱది, మన యిండ్లకును దగ్గఱది. అమెరికాలో మార్గరెట్ కీన్ అను నామె పెద్దకన్నుల పిల్లల బొమ్మలు వ్రాసెడిది. 1955లో వాల్టరు కీనును పెండ్లాడినది. పటములపై 'కీన్' అను ఇంటిపేరు మాత్రమే యుండెడిది. భర్త వానిని తానే వ్రాసితినని చెప్పి అమ్ముచు, పేరుప్రతిష్ఠలు గడించుచుండగా, ఆమె ఇంట తలుపులు మూసికొని చిత్రించుచుండెను. 1965లో విడిపోయిరి. 1970లో ఆమె సత్యమును బహిరంగముగా చెప్పినది. అతడు ఆమెనే అబద్ధీకురా లనెను. తుదకు 1986లో హొనొలులు న్యాయస్థానమున న్యాయాధిపతి ఇద్దఱిని అచటనే బొమ్మ వ్రాయుడనెను. అతడు భుజము నొప్పి యని తప్పించుకొనెను. ఆమె 53 నిమిషములలో వ్రాసి చూపినది. తీర్పు ఆమెకే వచ్చెను. ఆమె 2022లో, తన పేరు తనకు దక్కిన పిమ్మట, కాలము చేసినది. మా వీధి కోడలి భర్త అట్టివాడు కాడు. పెండ్లమునకు రంగులు కొని తెచ్చియిచ్చు మంచివాడు. అయినను, "ఇంటిపేరుండిన చాలును" అను మాట యెంతదూరము పోగలదో చూపుట కీకథ చెప్పితిమి.

మన దేశమున రాజా రవివర్మ (1848-1906) తన తైలవర్ణచిత్రములపై ఆంగ్లాక్షరములలో పేరు వ్రాసెడివాడు. 1894లో బొంబాయిలో ముద్రణాలయము పెట్టిన పిదప ఆ లక్ష్మీసరస్వతుల పటములతో ఆ పేరు తెలుగిండ్లకును వచ్చినది. ఆయన చెల్లెలు మంగళాబాయి తంపురాట్టి కూడ తైలవర్ణములలో చిత్రించినది, అన్నగారి రూపమును వ్రాసినది. ఈమె పేరెఱిగినవారు మనలో నెందఱు? రాజమహేంద్రవరమున దామెర్ల రామారావు 1925లో మశూచికముచే 28 ఏండ్లు నిండకమునుపే గతించెను. ఆయన భార్య సత్యవాణియు, సోదరి బుచ్చికృష్ణమ్మయు చిత్రకారిణులే. ఒకే యింట మువ్వురు కుంచె పట్టినప్పుడు ఏ పటము ఎవరిదో తరువాతివారికి చెప్పునది పేరు తప్ప మఱేమి?

చట్టము కూడ పేరునకు విలువ యిచ్చుచున్నది. 1957 నాటి మన గ్రంథస్వామ్య చట్టము చిత్రకళకును వర్తించును. పటము తయారైనప్పుడే దానిపై ఎవరి పేరుండునో, వ్యతిరేకముగా నిరూపింపబడు దాక, వారే దాని కర్తయని న్యాయస్థానము భావింపవలెనని ఆ చట్టములోని 55వ సెక్షను చెప్పుచున్నది. ఆ క్యాలెండరు పటముపై మన కోడలి పేరుండినచో, సాక్ష్యము తెమ్మని ఆమెను గాక, అచ్చువేయించినవారినే అడిగియుందురు. 57వ సెక్షను ప్రకారము స్వామ్యమును అమ్మివేసిన తరువాత కూడ, "ఇది నేను వ్రాసినది" అని చెప్పుకొను హక్కు కర్తకు మిగులును. పటమును కొన్నవారికి గోడకు తగిలించుకొను హక్కు వచ్చును గాని, వ్రాతపూర్వకముగా నీయనిదే అచ్చువేసికొను హక్కు రాదు. అయితే ఎవరైన డబ్బిచ్చి తమ కొఱకు వ్రాయించుకొన్న పటమున, వేఱు ఒడంబడిక లేనిచో, మొదటి స్వామ్యము వ్రాయించుకొన్నవారిదే. అప్పుడును పేరు మనదే. ఈ స్వామ్యము చిత్రకారుని జీవితకాలమును, ఆపైన 60 సంవత్సరములును ఉండును. ఇందులకు రిజిష్టరు చేయించుట తప్పనిసరి కాదు.

ఇక రెండవ ప్రశ్న: ఏ పేరు? పెండ్లితో ఇంటిపేరు మాఱును; కొందఱికి అత్తవారు పేరునే మార్తురు. మా యభిప్రాయ మిది: సొంతపేరు పూర్తిగా నుండవలెను. ఇంటిపేరు ముందుంచుకొనినను, విడిచినను మీ యిష్టము. పుట్టినింటిదా, మెట్టినింటిదా యను తగవును మీరే తీర్చుకొనుడు. కాని ఒకసారి యెంచుకొన్నదానిని మార్పక జీవితాంతము వ్రాయుడు. నేడొక తీరు, రేపొక తీరు వ్రాసినచో ఇద్దఱు మనుష్యులని లోకము తలచును. పొడియక్షరములు చాలునా యందురేమో. వడ్డాది పాపయ్య (1921-1992) 'వ.పా.' అని రెండక్షరములు వేసినను ఆంధ్రదేశమంతయు గుర్తుపట్టెను. నెలనెల పత్రికలలో లక్షలమంది చూచుటచే అది సాగినది. ఇంట కూర్చుండి ఏడాదికి రెండు పటములు వ్రాయువారి పొడియక్షరములను గుర్తుపట్టువారెవరు? చిన్నగుర్తు ముందును, వెనుక పూర్తిపేరును ఉంచుకొన్నచో దోషము లేదు.

ఏ లిపి యనిన, మాకు తెలుగే యిష్టము. వ.పా.యు, బాపుయు తెలుగుననే వ్రాసిరి. వారికేమి తక్కువ యయ్యెను? అయితే తెలుగక్షరమున కొక సంగతి గమనింపవలెను. మన యక్షరములు గుండ్రనివి. పైన తలకట్టు, గుడి, క్రింద ఒత్తులు. లక్ష్మి యను పేరును ఆంగ్లాక్షరముల వలె ఒక్క గీతపై ఇఱికించిన ఒత్తులు ముద్దగట్టి మచ్చ యగును. కనుక అక్షరము ఎత్తునకు రెండింతలు చోటు విడిచి వ్రాయవలెను.

నకలు వ్రాయువారి కొక హెచ్చరిక. మనలో పెక్కండ్రు రవివర్మ పటములు చూచి చేయి కుదుర్చుకొందురు. అది మంచి అభ్యాసమే. కాని పటముపైనున్న రవివర్మ సంతకమును కూడ చూచి వ్రాయరాదు. అది అభ్యాసము కాదు, కపటము. ఒట్టి తన పేరు మాత్రమే వ్రాయుటయు కపటమే. 'రవివర్మ చిత్రమును చూచి' అని చేర్చి తన పేరు వ్రాయుట ధర్మము.

మూడవ ప్రశ్న పనికి సంబంధించినది. తైలవర్ణము నీటిరంగువలె ఆవిరియై ఆఱదు. అందులోని అవిసెనూనె గాలిలోని ప్రాణవాయువును గ్రహించి గట్టిపడును. పైన పొర కట్టినను లోపల పచ్చిగ నుండును. పలుచని పూతకు వారము, రెండు వారములు. దళసరి పూతకు నెలలు పట్టును. మా నంద్యాల ప్రాంతపు వేసవిలో ఎండ 45 డిగ్రీలు తాకుచుండును గనుక కొంత త్వరగా ఆఱును; కాని ఆ గాలి తెచ్చు ధూళి పచ్చిరంగున కంటుకొనును, జాగ్రత్త.

పేరు వ్రాయుటకు రెండు సమయములు కలవు. ఒకటి, రంగు పచ్చిగ నున్నప్పుడే కుంచె కొనతోనో, కుంచె పిడి మొనతోనో గీయుట. ఇందులో పేరు పటముతో నేకమగును, కాని తప్పు జరిగిన దిద్దుట కష్టము. రెండవది, చేతి కంటకుండ ఆఱిన పిమ్మట వ్రాయుట. క్రొత్తవారికి మేము రెండవదే చెప్పుదుము. తప్పు పోయినచో, వెంటనే టర్పెంటైనులో తడిపి పిండిన గుడ్డతో మెల్లగా తుడిచి మఱల వ్రాయవచ్చును. క్రింది పొర ఆఱియుండుటచే చెడదు.

ఏది యెట్లైనను వార్నీషునకు ముందే వ్రాయవలెను. వార్నీషు పూయుటకు సామాన్యముగా ఆఱునెలలు మొదలు సంవత్సరము వఱకు ఆగుదురు. ముందుతరములలో ఎవరైన పటమును శుభ్రపఱచునప్పుడు, మాసిన వార్నీషును తీసివేసి క్రొత్తది పూయుదురు. పేరు వార్నీషు పైన నున్నచో దానితో పాటు ఊడిపోవును. అంతేకాదు, వార్నీషు పైన నున్న సంతకమును, పాతపటపు పగుళ్లలోనికి జాఱిన సంతకమును పరీక్షకులు శంకింతురు. ఎవరో తరువాత చేర్చినదని తలంతురు.

చోటు విషయమున, క్రింది కుడిమూల గాని యెడమమూల గాని వాడుక. బొమ్మ ఎటు బరువుగ నున్నదో చూచి, రెండవవైపు ఖాళీలో నుంచిన తూకము కుదురును. అంచునకు మిక్కిలి దగ్గఱగా వ్రాయరాదు. చట్రము అంచులను కొంత కప్పును. ఒత్తు మాత్రమే చట్రము క్రింద దాగిన పేరు ఎంత హాస్యాస్పదము! అంచునుండి కనీసము ఒక అంగుళము లోపలికి వ్రాయుడు. కొందఱు పేరును బొమ్మలోనే యొదిగింతురు. 1434లో యాన్ వాన్ ఐక్ దంపతుల పటమొకటి వ్రాసి, వారి వెనుకగోడపై తన పేరును, సంవత్సరమును శాసనమువలె వ్రాసెను. మైకెలాంజెలో తన శిల్పములలో ఒక్క పియెటాపై మాత్రమే, మేరీమాత ఱొమ్ముమీది పట్టెపై, పేరు చెక్కెను. చూచువాని కన్ను ముందు బొమ్మపై పడవలెను. పేరు తరువాత దొరకవలెను. కనుక ఎఱ్ఱగా పెద్దగా వ్రాసి అల్లరి చేయరాదు. కనబడకుండ దాచి వెదకింపనురాదు.

రంగు పటములో వాడినదే మేలు. వెలుగుచోట ముదురుగోధుమ, చీకటిచోట పసుపుమన్ను రంగు. అంబరు అను గోధుమరంగు త్వరగా ఆఱును; దంతపునలుపు ఆలస్యము. రంగును చుక్కంత అవిసెనూనె, కొంచెము టర్పెంటైను చేర్చి సిరావలె జాఱునట్లు కలుపవలెను. చిక్కగా నున్న అక్షరము తెగును. మిక్కిలి పలుచనైన కారును. పొడవైన వెండ్రుకలు గల సన్నని కుంచె కావలెను. పొట్టి కుంచెలో రంగు నిలువక మధ్యలో అక్షరము ఆగిపోవును. కలముతోను, స్కెచ్చిపెన్నుతోను వ్రాయుట మానుడు. వాని సిరా వెలిసిపోవును. అక్రిలిక్కు రంగును నూనెరంగుపై పూయరాదు. పట్టు లేక పెచ్చులూడును.

చేయి వణకునను భయముండిన, అంగళ్లపై పేర్లు వ్రాయువారు చేయునట్లు ఒక కఱ్ఱను అడ్డముగా పట్టి దానిపై మణికట్టు నాన్చుడు. ముందుగా గాజుపలకపై అదే రంగుతో పదిసార్లు వ్రాసి తుడిచి చూచుకొనుడు. పలుచని ప్లాస్టిక్కు కాగితముపై పేరు వ్రాసి, పటముమీద అటునిటు జరిపి చూచినచో తగిన చోటు తానే తెలియును.

వెనుకవైపు మఱవకుడు. ముందున్నది పేరు, వెనుకనున్నది జాతకము. పూర్తిపేరు, పటము పేరు, సంవత్సరము, ఊరు, కొలతలు, తైలవర్ణమను మాట వ్రాయుడు. గుడ్డపై ఒత్తి వ్రాసిన ముందువైపు రంగు పగులును, సిరా ఊరును. కనుక చట్రపు కఱ్ఱపైననే వ్రాయవలెను. చేతిఫోనుతో ముందువెనుకలు ఛాయాచిత్రములు తీసి దాచుకొనుడు. పటము ఇల్లు దాటినను సాక్ష్యము మీ యొద్ద నుండును.

ఈ సంగతులన్నియు విని ఆమె వారము దినములు గాజుపలకపై సాధకము చేసినది. తరువాతి శుక్రవారము మమ్ము పిలిచినది. భర్త పలక పట్టుకొని, "నీ పేరే వ్రాయుము, మొత్తము వ్రాయుము" అని తానే చెప్పెను. చేట నీడలో, ఎడమమూలకు, గోధుమరంగు నేలపై పసుపుమన్ను రంగుతో ఆమె తన పేరును, క్రింద సంవత్సరమును వ్రాసెను. తొమ్మిది అక్షరములకు పావుగంట పట్టినది. మేమందఱము ఊపిరి బిగబట్టి చూచితిమి.

అంతవఱకు గడపలో కూర్చుండి తమలపాకు నమలుచున్న అవ్వ లేచి వచ్చెను. ఆమెకు చదువు రాదు. పింఛనునకు నేటికిని వ్రేలిముద్రయే. కన్నులు చికిలించి చూచి, "ఇదేనా నీ పేరు?" అనెను. కోడలు భయపడుచు, "ఔనవ్వా" అనెను. అవ్వ ఇంకను వెదకుచు, "మఱి నా పేరేదే? కూర్చున్నది నేను గదా!" అనెను.

మాలో నెవరికిని ఆ మాట తోచనే లేదు. కథానాయిక పేరు చెప్పక కావ్యము ముగింపబోయితిమి. కోడలు పటమును త్రిప్పి, చట్రపు కఱ్ఱపై మొదట అవ్వ పేరు, ఆమె పుట్టిన యూరు, 'కొఱ్ఱలు చెరుగుచు' అని వ్రాసి, తరువాత తన పేరు వ్రాసెను. అవ్వ ఆ యక్షరములపై వ్రేలు పెట్టి చదివించుకొని, తృప్తిపడి మఱల గడపలో కూర్చుండెను.

పటము నంద్యాలకు పోయి వచ్చెను. బహుమానము రాలేదు. పట్టికలో పేరు తప్పులేకుండ అచ్చుపడెను. ఇప్పుడది వారి నడవలో నున్నది. వచ్చినవారికి అవ్వ ముందువైపు చూపి ఊరకుండదు. మేకునుండి దింపించి వెనుకవైపు కూడ చదివించును.

సోదరీమణులారా! మీ యిండ్లలో అత్తలో, అక్కలో, తల్లులో వ్రాసిన పటములు పేరు లేక వ్రేలాడుచుండును. ముందువైపు ముట్టకుడు, అది వ్రాసినవారి చేతిదే. కాని వెనుక కఱ్ఱపై, 'ఇది ఫలానివారు వ్రాసినది, ఫలాని యేట' అని తెలిసినంతమట్టుకు, చెప్పగలవారు బ్రదికియుండగనే, అడిగి వ్రాసి యుంచుడు.